ఎత్తైన ప్రాంతాల్లో ఉన్ని దుస్తుల పాత్ర

మా కాలేజీ పేరు చెప్పను. గుర్తింపు రెన్యువల్ ఫైలు పైఆఫీసులో ఉంది, అది కిందికి దిగేదాకా ఎవరూ గట్టిగా తుమ్మకూడదని ప్రిన్సిపాల్ గారి ఆదేశం. ఊరు కాకినాడ అని మాత్రం చెప్పొచ్చు. ఇక్కడ కాలేజీలకు కొదవ లేదు కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. నా పేరు మంగతాయారు, ఆ కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటుని. ముప్ఫయ్యొక్క ఏళ్ళ సర్వీసు అయింది, ఇంకో రెండేళ్ళు మిగిలింది. నాకు నోటి దురుసు ఎక్కువని స్టాఫ్ రూములో అంటారట. ఇంక్రిమెంటు ఫైళ్ళు నా బల్ల మీదే ఉంటాయి కనక నా ముందు ఎవరూ అనలేదు.

మా రాజనీతి శాస్త్రం హెడ్ పద్మనాభరాజు గారు ఢిల్లీ వెళ్ళి రావడంతో ఇదంతా మొదలైంది. అక్కడ టిబెట్ ప్రజల మానవ హక్కుల మీద, మత స్వాతంత్ర్యం మీద పెద్ద అంతర్జాతీయ సభ జరిగిందట. వెళ్ళేటప్పుడు ఆయన మామూలు మనిషిగానే వెళ్ళారు. వచ్చేటప్పుడు మెడలో తెల్లటి పట్టు కండువాతో వచ్చారు. టిబెటన్లు అతిథులకు వేసే కండువా అట అది. వారం రోజులు దాన్ని తియ్యలేదు. క్యాంటీన్లో పెసరట్టు తినేటప్పుడు కూడా ఒక చేత్తో కండువా కొస ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో తినేవారు.

"టిబెట్ అక్కడ కుమిలిపోతుంటే మనం ఇక్కడ నిద్దరోతున్నామండీ మంగతాయారు గారూ," అన్నారు ఆఫీసులోకి వచ్చి.

ఆయన రోజూ మూడో పీరియడ్‌లో నిద్రపోయే మాట నిజమే కాబట్టి నేను ఒప్పుకున్నాను.

"మనం అంతర్జాతీయ సదస్సు పెట్టాలండి. తీర్మానం చేసి ఐక్యరాజ్య సమితికి పంపాలి. ఒక్కటే చిక్కు. వేదిక మీద కనీసం ఒక్క టిబెటన్ అన్నా ఉండాలి కదా. ఎక్కణ్ణుంచి తెస్తాం చెప్పండి?"

"మెయిన్ రోడ్డు మీంచండి," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. ప్రతి నవంబరులో మెయిన్ రోడ్డు పక్కన టార్పాలిన్లు కట్టి స్వెట్టర్లు అమ్మేవాళ్ళు టిబెటన్లేనని, కిందటేడు ఆయన గంటసేపు బేరమాడి మంకీ క్యాపు కొన్నది వాళ్ళ దగ్గరేనని గుర్తు చేశాను.

"అదేంటండీ, వాళ్ళు నేపాలీలు కాదా?" అన్నారు ఆయన.

ఊళ్ళో అందరూ అలాగే అనుకుంటారు. నేనూ మొదటి రెండేళ్ళు అలాగే అనుకున్నాను. యాంగ్‌చెన్ చెప్పాకే తెలిసింది.

యాంగ్‌చెన్ నాకు పంతొమ్మిదేళ్ళుగా తెలుసు. నలభై అయిదు దాటిన మనిషి, బుగ్గలు ఎర్రగా ఉంటాయి, నవ్వితే కళ్ళు కనబడవు. కర్ణాటకలో బైలకుప్పె శరణార్థుల శిబిరం వాళ్ళ ఇల్లు. చలికాలం మూడు నెలలూ కాకినాడలో స్వెట్టర్లు అమ్ముతుంది. కాకినాడలో చలి అంటే ఫ్యాను ఒక నెంబరు తగ్గించడం. అయినా ఏటా ఆ దుకాణం నడుస్తోందంటే ఆమె నోటి మంచితనమే కారణం. తెలుగు మనకంటే బాగా మాట్లాడుతుంది, "ఆయ్" అని కూడా అంటుంది. నన్ను అక్కా అని పిలుస్తుంది. నా పెట్టెలో పంతొమ్మిది స్వెట్టర్లు ఉన్నాయి, ఒక్కటీ తొడుక్కునే అవసరం రాలేదు.

ఆమెకు ఒక తమ్ముడు. పేరు నోర్బు ఛోఫెల్. తొమ్మిదేళ్ళ వయసులో ఆమె మేనమామతో కొండలు దాటి ఈ దేశం వచ్చింది, తమ్ముడు అమ్మానాన్నలతో అక్కడే ఉండిపోయాడు. పెద్దయ్యాక సన్యాసి అయ్యాడు. ఆరేళ్ళ కిందట అతని గదిలో, అక్కడ ఉంచుకోకూడదన్న వాళ్ళ గురువుగారి ఫోటో దొరికిందని పట్టుకుపోయి జైల్లో పెట్టారు. ఏ జైలో తెలుసు. బతికున్నాడో లేడో తెలీదు. ఈ సంగతి నాకు ఆమె ఒక మధ్యాహ్నం స్వెట్టర్లు మడతపెడుతూ చెప్పింది.

"మా పెద్దాళ్ళు ఒక మాట అంటారక్కా. లోపలున్నోడి పేరు బయట ఎక్కడో ఒకచోట గట్టిగా వినబడాలంట. అలా వినబడినోణ్ణి లోపలాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూస్తారంట. ఎవరూ అడగనోడు ఉన్నా లేనట్టే."

అందుకని రాజు గారి సదస్సు సంగతి చెప్పగానే యాంగ్‌చెన్ చేతిలో గజం బద్ద కింద పెట్టేసింది.

"నాకు మాట్లాడ్డం రాదక్కా. దండలూ వద్దు. మైకులో మా తమ్ముడి పేరు ఒక్కసారి చదివితే చాలు. చదువుతారా?"

చదువుతారని చెప్పాను. అప్పటికి నాకూ అంత నమ్మకం ఉంది.

సదస్సు పెట్టాలంటే సదస్సుల అనుమతి సంఘం ఒప్పుకోవాలి. ఆ సంఘం సభ్య కార్యదర్శి కోటిలింగం గారు. ఆయన ఎర్ర సిరా పెన్ను తప్ప మరోటి వాడరు. డిసెంబరు మొదటి వారంలో స్వయంగా మా కాలేజీకి దయచేశారు. ప్రిన్సిపాల్ సుదర్శనం గారి గదిలో జీడిపప్పు పెట్టించాం. రాజు గారు కండువా సర్దుకుని ప్రతిపాదన చదివారు. "టిబెట్‌లో మానవ హక్కులు, మత స్వాతంత్ర్యం: అంతర్జాతీయ సదస్సు."

"సంఘం వారు ఈ ప్రతిపాదనను అత్యంత సానుభూతితో పరిశీలించడమైనది," అన్నారు కోటిలింగం గారు. ఆయన ఇంట్లో కాఫీ అడిగేటప్పుడు కూడా ఇలాగే మాట్లాడతారని అంటారు. "సదస్సు జరపవచ్చును. అయితే, పొరుగుదేశాల మనోభావాలను నొప్పించగల పదములు శీర్షికలో ఉండరాదని సర్క్యులర్ కలదు. కావున మొదటి పదమును తొలగించవలసి యున్నది."

"టిబెట్‌ని తీసేస్తే ఎక్కడి గురించి మాట్లాడతామండీ?" అన్నారు రాజు గారు.

"ప్రదేశమును సూచించుటకు అభ్యంతరము లేదు. పేరుకే అభ్యంతరము. 'ఎత్తైన ప్రాంతాల్లో' అనవచ్చును."

ఈ సర్క్యులర్ వల్లే నేను కూడా ఆ పొరుగుదేశం పేరు ఇక్కడ రాయడం లేదు. మీకు తెలుసు, నాకు తెలుసు, కోటిలింగం గారికీ తెలుసు.

రాజు గారు ఒప్పుకున్నారు. ఎత్తైన ప్రాంతాలంటే అందరికీ అర్థమవుతుందిలెమ్మని తనకు తానే సర్దిచెప్పుకున్నారు. అప్పుడు ఎర్ర పెన్ను 'మత' దగ్గర ఆగింది.

"విద్యాలయ ఆవరణలో మతపరమైన చర్చలు నిషిద్ధము. సదరు పదమును తొలగించగా స్వాతంత్ర్యము మిగులును. స్వాతంత్ర్యమునకు ఆగస్టు పదిహేనవ తేదీ కేటాయించబడి యున్నది. డిసెంబరులో ఆ పదము వాడుటకు ప్రత్యేక అనుమతి పొందవలెను."

"మానవ హక్కులు ఉంటాయి కదండీ?" అన్నారు రాజు గారు.

హక్కుల విషయంలో అడ్డు చెప్పింది మా ప్రిన్సిపాల్ గారే. "బాబ్బాబు, ఆ మాట మాత్రం ఒద్దండి. హాస్టల్ మెస్సులో చారు గురించి పిల్లలు ఇప్పటికే రెండుసార్లు గేటు దగ్గర కూర్చున్నారు. హక్కులని ఫ్లెక్సీ కట్టేవంటే ఇంక చారుతో ఆగరు."

ఎర్ర పెన్ను దాన్నీ కొట్టేసింది. కాగితం మీద "ఎత్తైన ప్రాంతాల్లో మానవ" అని మాత్రం మిగిలింది. మానవులు ఉంటే అభ్యంతరమా అని రాజు గారు అడిగారు. మానవులు ఉండుటకు అభ్యంతరము లేదని, అయితే వారు ఏమి చేయుచున్నారో శీర్షికలో స్పష్టము కావలెనని కోటిలింగం గారు సెలవిచ్చారు.

హోమ్ సైన్స్ హెడ్ రత్నాంబ గారు జీడిపప్పు నములుతూ, "ఎత్తు మీద చలేస్తుంది కదండీ," అన్నారు.

కోటిలింగం గారి మొహం వెలిగింది. పది నిమిషాల్లో శీర్షిక ఖరారైంది. "ఎత్తైన ప్రాంతాల్లో మానవులు: ఉన్ని దుస్తుల పాత్ర." అంతర్జాతీయం అంటే ఢిల్లీకి రాయాలి కనక దాన్ని జాతీయ సదస్సు చేశారు. జాతీయ సదస్సుకి పరదేశీయులు రాకూడదు కనక యాంగ్‌చెన్ ఎవరు అన్న ప్రశ్న వచ్చింది. బైలకుప్పె నుంచి వచ్చింది కాబట్టి ఆమెను కర్ణాటక ప్రతినిధి అన్నారు. వేదిక మీద ఆమె స్వెట్టరు తొడుక్కుని కూర్చోవాలి. మాట్లాడితే ఉతికే పద్ధతి గురించి మాట్లాడవచ్చు.

"మరి ఐక్యరాజ్య సమితికి తీర్మానం?" అన్నారు రాజు గారు ఆఖరుగా.

"నిరభ్యంతరముగా చేయవచ్చును. ఉన్నిని గురించి."

రాజు గారు నిజంగా మంచివారు. ఆ సాయంత్రం కండువా తీసి మడతపెట్టి నా బల్ల మీద పెట్టి, "ఇనప్పెట్టెలో దాచండి," అన్నారు. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. నాకు ఆయన మీద జాలేసింది, ఆ ఎర్ర పెన్ను మీద ఒళ్ళు మండింది.

మర్నాడు యాంగ్‌చెన్ ఆఫీసుకి వచ్చింది. ఒక చీటీ మీద తమ్ముడి పేరు తెలుగులో రాయించుకుని తెచ్చింది, మైకులో చదివేవాళ్ళకి తప్పు రాకూడదని. రాజు గారు ఆ చీటీ వంక చూసి తల దించుకున్నారు.

"కుదరదమ్మా. మైకులో రిజిస్టరైన ప్రతినిధుల పేర్లు తప్ప ఇంకే పేరూ చదవకూడదని రాసిచ్చేం. వేదిక మీద ఎవరన్నా వేరే పేరు ఎత్తితే కాలేజీ గుర్తింపు పోద్ది."

యాంగ్‌చెన్ చీటీ మడిచి జాకెట్టులో పెట్టుకుంది. పంతొమ్మిదేళ్ళలో ఆమె నవ్వకుండా నా ముందు నిలబడ్డం అదే మొదలు.

నాకు కోపం వచ్చినప్పుడు నేను కేకలు వెయ్యను, నిబంధనలు చదువుతాను. మళ్ళీ చదివాను. రిజిస్టరైన ప్రతినిధుల పేర్లే చదవాలని ఉంది. ఎవరు రిజిస్టరు కావచ్చో ఎక్కడా లేదు. సొరుగులోంచి రిజిస్ట్రేషన్ ఫారం తీసి యాంగ్‌చెన్ ముందు పెట్టాను.

"నీ తమ్ముడి పేరు రాయి. చిరునామా గడిలో జైలు చిరునామా రాయి."

"దేశం పేరు రాస్తే పట్టుకుంటారేమో అక్కా?"

"జాతీయ సదస్సు కదా, దేశం గడి తీసేశారు. ఊరు, పిన్‌కోడు, అంతే."

రాసింది. తర్వాతి గడి దగ్గర ఆగింది. అక్కడ సమర్పించబోయే పత్రం పేరు రాయాలి.

"మీ తమ్ముడికి ఇప్పుడు ఏం కావాలంటావ్?" అని అడిగాను.

"అక్కడ చలి చాలా ఎక్కువక్కా. దుప్పటి ఇస్తారో లేదో," అంది.

"శీతల గదుల్లో దుప్పటి ఆవశ్యకత" అని నేనే రాశాను. రాసి ముద్ర వేశాను. ప్రతినిధి నెంబరు అరవై నాలుగు. యాంగ్‌చెన్ ఆ ముద్ర మీద వేలు పెట్టి అడిగింది, దీనివల్ల వాడికి చెడు జరగదు కదా అని. ఇందులో దుప్పటి మాట తప్ప మరో మాట లేదని చెప్పాను. ఫారం నాకిచ్చేసి, "ఎవరూ అడక్కపోవడం కంటే నయమే," అని వెళ్ళింది.

పత్రాల ఎంపిక కమిటీ అరవై నాలుగు పేర్లూ చూసింది. శీర్షికకు అతి దగ్గరగా ఉన్న పత్రం అదేనని మెచ్చుకుని మొదటి సెషన్‌లో మొదటి స్థానం ఇచ్చింది. మిగతా పత్రాలన్నీ కొబ్బరి పీచు మీద, రొయ్యల చెరువుల మీద ఉన్నాయి. సర్టిఫికెట్ ఇస్తున్నారని తెలిసి వచ్చినవాళ్ళు, చేతిలో ఉన్నది సమర్పించారు.

సదస్సు రోజున హాలు నిండిపోయింది. మూడు వందల మంది పిల్లల్ని ఎన్‌సీసీ మాస్టారు తోలుకొచ్చి కూర్చోబెట్టారు. పదకొండు గంటలకే భోజనం పొట్లాల వాసన వస్తోంది. యాంగ్‌చెన్ వేదిక మీద ఎర్ర స్వెట్టరు తొడుక్కుని చెమటలు కక్కుతోంది. ముందు రత్నాంబ గారు ఉన్ని పురుగు పట్టకుండా కలరా ఉండలు వాడే విధానం చెప్పారు. కోటిలింగం గారు ఎత్తైన ప్రాంతములు ఎత్తుగా ఉండుటకు గల కారణములు వివరించారు.

ఆ తర్వాత పత్ర సమర్పణ. మా కాలేజీలో ఒక ఆచారం ఉంది. పరీక్షకైనా, ఇంటర్వ్యూకైనా, పిలిచినవాడు పలకకపోతే గైర్హాజరు వెయ్యడానికి ముందు పేరు మూడుసార్లు పిలవాలి. ఆ పని అటెండరు భూషణంది. అతని తండ్రి మున్సిఫ్ కోర్టులో డవాలా బంట్రోతు. వరండాలో నిలబడి కక్షిదారుల్ని పిలిచిపిలిచి ఆ ఇంట్లో అందరికీ ఆ గొంతు వచ్చేసింది. భూషణానికి మైకు అక్కర్లేదు. అయినా మైకు ముందు నిలబెట్టాను.

"ప్రతినిధి నెంబరు అరవై నాలుగు! నోర్బు ఛోఫెల్!"

హాల్లో గుసగుసలు ఆగిపోయాయి.

"నోర్బు ఛోఫెల్ గారూ! హాజరు కావాలండోయ్!"

రెండో పిలుపుకి కిటికీల మీద పావురాలు లేచిపోయాయి. బయట రోడ్డు మీద ఆటోవాళ్ళు తలలు తిప్పి చూశారు. వేదిక మీద యాంగ్‌చెన్ లేచి నిలబడింది. చేతులు జోడించింది. ఆమె లేవడం చూసి, భోజనాలకేమో అనుకుని, మూడు వందల మంది పిల్లలూ లేచి నిలబడ్డారు. పిల్లలు లేచారని అతిథులు లేచారు. జాతీయ గీతమేమో అనుకుని కోటిలింగం గారు కూడా లేచి చేతులు నిటారుగా పెట్టుకున్నారు.

"నోర్బు... ఛోఫెల్!"

మూడోసారి హాలంతా నిలబడి ఉంది. ఎవరూ పలకలేదు. భూషణం నా వంక చూశాడు. రాజు గారు ఒక మూల నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నారు. నేను రిజిస్టర్లో గైర్హాజరు అని రాశాను.

యాంగ్‌చెన్ కోరుకున్నది అంతవరకే. ఒక్కసారి అడిగింది, మూడుసార్లు వినిపించాం. పిల్లలింకా పొట్లాలు విప్పుతుండగానే నా దగ్గరకు వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

జనవరిలో తనిఖీ బృందం వచ్చింది. సదస్సు ఫైలు తిరగేసి, అరవై నలుగురు ప్రతినిధుల్లో అరవై ముగ్గురే హాజరయ్యారు, మిగతా ఒకరి గైర్హాజరుకు సంజాయిషీ ఏది అని అడిగారు. ప్రిన్సిపాల్ గారు నా వంక చూశారు.

"మెమో వెళ్తోందండి," అన్నాను.

అంతవరకూ నాకు ఆ ఆలోచనే రాలేదు. తనిఖీవాళ్ళే దారి చూపించారు. ఆ మధ్యాహ్నమే కూర్చుని ఇంగ్లీషులో టైపు చేశాను, తెలుగులో ఇలా వస్తుంది. "సదరు సదస్సునకు తమరు ప్రతినిధిగా నమోదై, మూడు పర్యాయములు పిలిచినను హాజరు కాలేదు. ఈ మెమో అందిన పదిహేను రోజులలోగా స్వయముగా సంజాయిషీ సమర్పించవలెను. లేనిచో తగు చర్య తీసుకొనబడును." పైన ఫైలు నెంబరు, కింద గుండ్రటి ముద్ర. ప్రిన్సిపాల్ గారు రోజూ నలభై కాగితాల మీద సంతకాలు పెడతారు, ఇది నలభై ఒకటోది. యాంగ్‌చెన్ శిబిరానికి వెళ్ళిపోయేముందు ఆ దేశం లిపిలో జైలు చిరునామా పది కాగితాల మీద రాసి ఇచ్చింది. ఒకటి కవరు మీద అంటించాను. సర్క్యులర్ సదస్సు శీర్షికల గురించే కానీ కవర్ల గురించి కాదు, కనక దేశం పేరు కూడా పెద్ద అక్షరాలతో రాసి, అందినట్టు సంతకం తెచ్చే గులాబీ కార్డు జతచేసి రిజిస్టరు పోస్టులో పంపాను.

రాజు గారికి తెలిసి హడలిపోయారు. "నలభై దేశాల వాళ్ళు లక్షల సంతకాలతో అర్జీలు పంపితేనే బుట్టలో పారేసేరండీ! మీ మెమో ఎవడు చూస్తాడు?"

"అర్జీ అంటే ఏదో కావాలని అడగడం కదండి. అడిగితే ఎవరైనా లేదంటారు. మెమో అలా కాదు. అవతల కూడా ఒక గుమాస్తా ఉంటాడు. నెంబరూ ముద్రా ఉన్న కాగితం చింపాలంటే వాడికి భయం. పై వాడికి పెడతాడు. పై వాడు చూస్తే ఏముంది అందులో? ఉన్ని దుస్తులు. దుప్పటి. అభ్యంతరం చెప్పడానికి మాటే లేదు. మన కోటిలింగం గారు ముందే అన్నీ కొట్టేసి ఇచ్చారుగా."

రాజు గారు ఇనప్పెట్టె తాళం అడిగి, తన కండువా తీసుకుని వెళ్ళారు.

జవాబు రాలేదు. మార్చిలో మొదటి రిమైండరు పంపాను. జూన్‌లో రెండోది. ఆగస్టులో మూడోది. ఇందులో నా గొప్ప ఏమీ లేదు, జవాబు రాని మెమోకి రిమైండరు పంపడం మా ఆఫీసులో ఊపిరి పీల్చినంత మామూలు. కార్డులు కూడా తిరిగి రాలేదు. అక్టోబరులో నాలుగోది సంతకానికి పెట్టినప్పుడు ప్రిన్సిపాల్ గారి పెన్ను ఎందుకో ఆగింది. కవరు తిప్పి చూశారు.

"మంగతాయారు గారూ, ఇదెక్కడి అడ్రసండీ?"

"ఎత్తైన ప్రాంతమండి."

ఆయన మొహంలో రంగులు మారాయి. కాసేపు గోడ మీద క్యాలెండరు చూశారు. "ఇది ఆపేస్తే?"

"ఆపొచ్చండి. సంజాయిషీ తీసుకోకుండా ఎందుకు వదిలేశారని తనిఖీవాళ్ళు అడుగుతారు. ఎవరు ఆపమన్నారో నేను నోట్‌ఫైల్లో రాయాల్సొస్తుంది."

సంతకం పెట్టి, కవరు నా వైపు తోసి, మంచినీళ్ళు తాగారు.

నవంబరులో యాంగ్‌చెన్ మళ్ళీ వచ్చింది. ఏమన్నా తెలిసిందా అని అడగదు, దుకాణం దగ్గరకు వెళ్ళినప్పుడల్లా నా మొహం మాత్రం చూస్తుంది. నేను లేదన్నట్టు తల ఊపడం, ఆమె స్వెట్టర్ల రంగుల గురించి మాట్లాడ్డం. లేని ఆశ పెట్టానేమోనని నాకు రోజూ గుండెల్లో ముల్లులా ఉండేది. ఒకరోజు కలిగిన ఆశ, ఊరికే వదిలేస్తే ఆరు రోజుల్లో దానంతటదే చల్లారిపోతుంది. నేను ఏడాది పాటు దాన్ని రిజిస్టరు పోస్టులో పంపుతూ వచ్చాను.

డిసెంబరు మొదటి వారంలో ఒక ఉదయం పోస్ట్‌మాన్ తెచ్చిన కట్టలో, కరెంటు ఆఫీసు నోటీసుకీ పుస్తకాల కేటలాగుకీ మధ్య, గులాబీ రంగు కార్డు ఉంది. నలిగిపోయి, మూడు రకాల ముద్రలు పడి ఉంది. స్వీకరించినవారి సంతకం అన్నచోట నీలం సిరాతో ఏవో అక్షరాలు, తీగ మీద ఆరేసిన బట్టల్లా. పక్కన తేదీ. నాకు అంకెలు మాత్రం తెలిశాయి. ఇరవై రెండు రోజుల కిందటి తేదీ అది.

ముప్ఫయ్యొక్క ఏళ్ళలో మొదటిసారి పర్మిషన్ చీటీ రాయకుండా ఆఫీసు దాటాను. దుకాణంలో ఎవరో ఆవిడ చంటిపిల్ల టోపీ కోసం బేరమాడుతోంది. నేను కార్డు యాంగ్‌చెన్ చేతిలో పెట్టాను. ఆమె చూసింది. చూసి, మడతపెట్టిన స్వెట్టర్ల మీద అలాగే కూర్చుండిపోయింది.

"వాడేనక్కా."

నేను ఆఫీసు మనిషిని, నా నోరు ఊరుకోలేదు. "వేరేవాళ్ళు ఎవరైనా పెట్టుంటేనో?"

ఆమె బిల్లు పుస్తకం లాక్కుని దాని వెనక తన పేరు రాసింది. ఆఖరి అక్షరం కింద గీతని బాగా కిందికి లాగి వదిలింది. కార్డు మీద సంతకంలోనూ ఆ గీత అలాగే కిందికి దిగింది. "మా నాన్న నేర్పిన రాత. నాకూ వాడికీ ఇద్దరికే ఉంది," అని, కార్డుని కళ్ళకద్దుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. టోపీ బేరమాడుతున్న ఆవిడ, ఏం జరిగిందో తెలియకపోయినా, అడిగిన ధర ఇచ్చేసి వెళ్ళింది.

ఆఫీసుకి తిరిగొచ్చేసరికి ప్రిన్సిపాల్ గారికి కార్డు సంగతి తెలిసిపోయింది. మొహం తేటగా ఉంది. "అందిందిగా, ఇంక ఆ ఫైలు మూసెయ్యండి," అన్నారు.

"అందింది మెమో అండి. సంజాయిషీ రాలేదు."

ఆయన నుదురు పట్టుకున్నారు. నేను అయిదో రిమైండరుకి కాగితం ఎక్కించాను.

నాలుగు గంటలకి యాంగ్‌చెన్ వచ్చింది. మొహం కడుక్కుని, తల దువ్వుకుని, పండక్కి వచ్చినట్టు వచ్చింది. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అక్కా, ఇందులో నా మాట ఒకటి రాయవా? నేను ఉన్నానని. చూడాలనుందని."

"మెమోలో చుట్టరికాలు రాయకూడదే. రాస్తే మెమో కాకుండా పోతుంది. వాడి చేతికి ఇవ్వరు."

ఆమె సరేనని తల ఊపింది కానీ కుర్చీలోంచి లేవలేదు. నేను ఆలోచించాను. ఆఫీసు భాషలో మనిషి మాటలు ఎక్కువ ఉండవు. ఆలస్యంగా వచ్చే గుమాస్తాలకి, సెలవు చీటీ పెట్టకుండా పోయే లెక్చరర్లకి ఎన్ని వందలసార్లు రాశానో, ఒక్కసారి కూడా మనసులో అనుకుని రాయని వాక్యాలు రెండు ఉన్నాయి. అవి టైపు చేశాను. ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఆమెకు తెలుగులో చదివి చెప్పాను.

"తమరి గైర్హాజరును ఈ కార్యాలయము మిక్కిలి తీవ్రముగా పరిగణించుచున్నది. తమరు ఏ తేదీన రాగలరో వెంటనే తెలియజేయవలెను."

యాంగ్‌చెన్ ఇంకోసారి చదవమంది. చదివాను.